నాన్న పోయాక పాపకు ఆయన గొంతు వినిపిస్తోంది, ఇంట్లో మేం ఎలా మసలుకోవాలి?

మధిర మామయ్య అడిగారు:

నమస్కారమండి. మా మేనకోడలికి పదిహేనేళ్లు, పదో తరగతి. ఎనిమిది నెలల కిందట వాళ్ల నాన్నతో బండి మీద వస్తుంటే లారీ గుద్దింది. బావగారు అక్కడికక్కడే పోయారు. పాపకు చెయ్యి విరిగి అతుక్కుంది. తలకు దెబ్బేమీ లేదు, అప్పుడు తీసిన స్కాన్ మామూలుగానే ఉంది.

మూడు నెలలుగా వరస మారింది. లారీ బ్రేకు చప్పుడు చెవిలో మోగుతోందంటుంది. నాన్న పేరుపెట్టి పిలుస్తున్నాడంటుంది, ఒక్కోసారి ఆ పిలుపుకి "ఆఁ" అని పలుకుతుంది కూడా. రాత్రిళ్లు హాల్లో తలుపు దగ్గర ఎవరో నిలబడ్డారని వణికిపోతుంది. క్లాసులో ఉన్నట్టుండి బిగుసుకుపోయి పది నిమిషాల దాకా పలకదు. నిద్ర నాలుగు గంటలు కూడా ఉండటం లేదు. సైకియాట్రిస్ట్ చూసి రిస్పెరిడోన్ (లేనివి వినిపించడం, కనిపించడం తగ్గించే మాత్ర) అర మిల్లీగ్రాము రాత్రిపూట రాశారు, నెల తర్వాత రమ్మన్నారు. మొదలుపెట్టి ఇంకా వారం కాలేదు.

ఇంట్లో అక్క, పాప, దాని తమ్ముడు, నానమ్మ ఉంటారు. నానమ్మ గాలి సోకిందంటుంది. అక్క "అక్కడెవరూ లేరే, పిచ్చిదానిలా మాట్లాడకు" అని కసిరి, తర్వాత తనే ఏడుస్తుంది. ఇది పిచ్చా, ప్రమాదం తాలూకు భయమా? దానికి ఏదో కనిపిస్తున్నప్పుడు మేం ఏమనాలి? మాత్రలు అలవాటైపోతాయా? పరీక్షలు రాయించవచ్చా? ఏం జరిగితే ఆసుపత్రికి పరుగెత్తాలి? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.


సాగరతీరం (క్లినికల్ సైకాలజిస్ట్):

మామయ్యగారూ, జబ్బుకు పేరు పెట్టాల్సింది పాపను చూసిన డాక్టరే. అయితే మీరు రాసినదాంట్లో దారి చూపే గుర్తులు చాలానే ఉన్నాయి.

గొంతులు వినిపించినంత మాత్రాన స్కిజోఫ్రీనియా (మీరు పిచ్చి అంటున్న తీవ్ర మానసిక జబ్బు) అనుకోనక్కర్లేదు. 13 నుంచి 18 ఏళ్ల పిల్లల్లో సుమారు 7.5 శాతం మందికి ఇలాంటి అనుభవం ఉంటుందని 2012లో వచ్చిన ఒక సమీక్ష తేల్చింది. చాలామందిలో అది నిలిచి ఉండదు. ఇక పోయిన మనిషి పిలిచినట్టు వినిపించడం దుఃఖంలో ఉన్న పెద్దవాళ్లకూ జరుగుతుంది, వాళ్లు బయటికి చెప్పరంతే.

మీ పాపలో మూడు నాలుగు వేర్వేరు సంగతులు కలగలిసి కనిపిస్తున్నాయి. బ్రేకు చప్పుడు ఆ రోజు నిజంగా విన్నదే. అది మళ్లీ వినిపిస్తే ఫ్లాష్‌బ్యాక్ అంటాం. డీజిల్ వాసన, హారను, బండి వెనక సీటు, ఏదో ఒకటి దాన్ని రేపుతుంది. నాన్న పిలుపు అలా కాదు, కొత్తగా వినిపిస్తున్న గొంతు. తలుపు దగ్గరి మనిషి కనిపించేది నిద్ర పట్టబోయే ముందా, మెలకువ వచ్చీరాని సమయంలోనా, పూర్తి మెలకువలోనా అన్నది కనుక్కోండి. మొదటి రెండూ అయితే నిద్ర సరిగా లేని ఎవరికైనా రావచ్చు. నాలుగు గంటల నిద్రతో బతుకుతున్న పిల్లకు ఇంకా ఎక్కువ.

సైకోసిస్ (ఏది నిజమో ఏది కాదో తెలియకుండా పోయే స్థితి) వైపు అనుమానం పెంచేవి వేరే ఉన్నాయి. మాట ఒక దానికొకటి పొంతన లేకుండా పోవడం. లారీ డ్రైవరు మనుషుల్ని పెట్టి వెంటాడిస్తున్నాడు, టీవీలో నా గురించే చెబుతున్నారు వంటి నమ్మకం, ఎంత చెప్పినా సడలకపోవడం. స్నానం, తిండి, స్నేహాలు నెలనెలా జారిపోవడం. "నాన్న లేడని తెలుసు, అయినా వినిపిస్తోంది" అని పాప అనగలిగితే అది మంచి గుర్తు. రెండూ కలిసి ఉండే పిల్లలూ ఉంటారు కాబట్టి ఒక్క సిట్టింగులో తేల్చేయమని డాక్టర్ని పట్టుబట్టకండి.

క్లాసులో బిగుసుకుపోవడం గురించి మాత్రం డాక్టర్‌కి విడిగా చెప్పండి. భయం తట్టుకోలేక మనసు ఎటో వెళ్లిపోయే స్థితి (డిసోసియేషన్) కావచ్చు, మూర్ఛలో ఒక రకమూ కావచ్చు. మూర్ఛ అయితే చాలావరకు ఒకటి రెండు నిమిషాల్లో ముగుస్తుంది. పెదవులు చప్పరించడం, వేళ్లతో బట్టలు నులమడం, తర్వాత కాసేపు తికమక ఉంటాయి. పది నిమిషాలు సాగేది డిసోసియేషన్ అయ్యే అవకాశమే ఎక్కువ. అయినా ఈసారి వచ్చినప్పుడు ఫోన్‌లో వీడియో తీయమనండి, ముఖం, రెండు చేతులు కనిపించాలి. మెల్లగా పేరు పెట్టి పిలిచి, "మామిడి" అని ఒక మాట చెప్పి, తేరుకున్నాక ఏం చెప్పామో అడగాలి. ఆ వీడియో డాక్టర్‌కి తప్ప ఇంకెవరికీ పంపొద్దు, పాపకు చెప్పకుండా దాచొద్దు. దాన్ని చూసి ఈఈజీ (మెదడు విద్యుత్ తరంగాలు చూసే పరీక్ష) కావాలో వద్దో ఆయన చెబుతారు.

థైరాయిడ్, బీ12, రక్తహీనత పరీక్షలు ఇప్పటిదాకా చేయకపోతే అడగండి. కొన్ని వారాల్లోనే ఉన్నట్టుండి మనిషి మారిపోయి, జ్వరం, ఫిట్స్, మాట తగ్గిపోవడం, నోరు చేతులు వింతగా కదలడం కనిపిస్తే అది మెదడు వాపు కావచ్చు. టీనేజ్ ఆడపిల్లల్లో మెదడు కణాల మీద ఉండే ఎన్‌ఎండీఏ గ్రాహకాలపై ఒంట్లోనే యాంటీబాడీలు (రోగాలతో పోరాడే పదార్థాలు) పుట్టి వచ్చే రకం ఒకటి ఉంది, దాన్ని మొదట్లో మానసిక జబ్బుగా పొరబడతారు. అలాంటప్పుడు న్యూరాలజిస్ట్ కావాలి, అదీ వెంటనే. ఈ థ్రెడ్ చదివే మిగతావాళ్లకు ఇంకో మాట: మగపిల్లలైనా ఆడపిల్లలైనా గంజాయి, వైట్‌నర్ పీల్చడం, దగ్గు మందు, ఉమ్మెత్త గింజలు, వీటిని మొహమాటపడకుండా అడగాలి. తెలంగాణ పల్లెల్లో కల్తీ కల్లుకు అలవాటుపడినవాళ్లు ఒక్కసారిగా మానేస్తే, అందులో కలిపే ఆల్ప్రజోలం, డైజిపామ్ అందక వణుకు, ఫిట్స్, లేనివి కనిపించడం మొదలవుతాయి. అది ఇంట్లో చూసుకునేది కాదు.

ఇక మీరు ఏమనాలి. "ఎవరూ లేరు" అని వాదిస్తే పాప చెప్పడం మానేస్తుంది, వినిపించడం మాత్రం ఆగదు. "అవునమ్మా, నాన్న వచ్చాడు" అని వత్తాసు పలికితే భయం ఖాయమవుతుంది. రెంటికీ నడుమ ఒక మాట ఉంది: "నాకు వినిపించట్లేదురా, నీకు వినిపిస్తోందని నమ్ముతున్నా. భయంగా ఉందా? నేనిక్కడే ఉన్నా." ఇంత చాలు. గొంతు తగ్గించి, చిన్న వాక్యాలు. తలుపుకు అడ్డంగా నిలబడొద్దు. అడక్కుండా భుజం మీద చెయ్యి వేయొద్దు, ముఖ్యంగా వెనక నుంచి. నలుగురూ చుట్టూ మూగకుండా ఒక్కరే ఉండాలి, ఆ ఒక్కరెవరో పాపనే ఎంచుకోనివ్వండి.

తర్వాత ఒంటిని ఇప్పటి క్షణానికి తీసుకురావాలి. పాదాలు నేలకు గట్టిగా ఆనించమనండి. చేతిలో చల్లటి నీళ్ల గ్లాసు పెట్టండి. గదిలో కనిపించేవి ఐదు, తాకగలిగేవి నాలుగు, వినిపించేవి మూడు చెప్పించండి. "ఇవాళ ఏ వారం, ఇదెవరిల్లు, నీ వయసెంత?" అని అడగండి. కళ్లు మూసుకుని ఊపిరి మీద ధ్యాస పెట్టమనడం ఈ పిల్లల్లో ఒక్కోసారి ఎదురు తిరుగుతుంది, కళ్లు మూస్తే ఆ దృశ్యమే ముందుకొస్తుంది. కళ్లు తెరిచే చేయించండి. గొంతు వినిపిస్తున్నప్పుడు మాత్రం నోటికి పని చెప్పడం ఉపయోగం: కూనిరాగం తీయడం, ఎక్కాలు పైకి చదవడం, పేపరు బిగ్గరగా చదవడం. ఒక చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని పాటలు వినడం కూడా కొందరికి పనిచేస్తుంది. ఇవన్నీ పాప ప్రశాంతంగా ఉన్నప్పుడు రోజూ ఐదు నిమిషాలు సాధన చేయించాలి. భయం వచ్చాక కొత్తగా నేర్పితే ఎక్కదు.

మీ హాల్లో దండ వేసిన ఫోటో, దాని మీద చిన్న ఎర్ర బల్బు ఉన్నాయా? చాలా ఇళ్లలో ఉంటాయి. చీకట్లో ఆ మసక వెలుతురు, గాలికి కదిలే కర్టెన్ నీడ కలిసి తలుపు దగ్గర మనిషిలా కనిపిస్తాయి. ఫోటో చెప్పకుండా తీసేయొద్దు, నానమ్మకూ పాపకూ ఇద్దరికీ గాయమవుతుంది. ఎక్కడ పెడదామని పాపను అడగండి, రాత్రి హాల్లో మామూలు తెల్ల లైటు వేసి ఉంచండి. "నాన్న నిన్ను పైనుంచి చూస్తున్నాడు", "కాకి రూపంలో వచ్చాడు" లాంటి మాటలు చుట్టాలు ప్రేమతోనే అంటారు. ఇప్పుడు పాప దగ్గర వద్దని ముందే చెప్పి ఉంచండి. మాసికం రోజులు, సంవత్సరీకం వచ్చే వారం లక్షణాలు పెరుగుతాయి, క్యాలెండర్ మీద రాసుకోండి. ప్రమాదం వీడియోలు ఏదో వాట్సాప్ గ్రూపులో తిరిగే ఉంటాయి, పాప ఫోన్‌లో ఉన్నాయేమో కలిసి చూడండి. బావగారి వాయిస్ మెసేజీలు ఉంటే చెరిపేయకుండా కాపీ మీ దగ్గర పెట్టుకోండి. అవి ఎప్పుడో ఒకరోజు పాపకు కావాల్సినవే.

చికిత్సలో అసలు బరువు మోసేది ట్రామా (మనసుకు తగిలిన గాయం) మీద పనిచేసే థెరపీ. ట్రామా ఫోకస్డ్ సీబీటీ (ఆలోచనల తీరు మార్చే మాటల చికిత్స) అంటారు, మామూలుగా వారానికొకటి చొప్పున 12 నుంచి 16 సెషన్లు, కొందరికి 25 దాకా. తల్లికి కూడా అందులో విడి భాగం ఉంటుంది. ఈఎండీఆర్ (కళ్లు అటూ ఇటూ కదిలిస్తూ ఆ జ్ఞాపకం మీద పనిచేసేది) ఇంకో పద్ధతి. ముందు నిద్ర, భయాన్ని అదుపు చేసుకోవడం నేర్పి, తర్వాతే ఆ రోజు కథలోకి వెళ్తారు. మొదటి రోజే "జరిగిందంతా చెప్పు" అని కూర్చోబెట్టేవాళ్లయితే వేరేవాళ్లను చూసుకోండి. రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ నంబరు ఉందా, ట్రామాకు ఏ పద్ధతి వాడతారు, తల్లితో ఎన్నిసార్లు మాట్లాడతారు అని ఫోన్‌లోనే అడగవచ్చు. తప్పుగా అనుకోరు.


వార్డు సిస్టర్ (సైకియాట్రీ నర్స్):

థెరపీ ముఖ్యమని సాగరతీరం గారు అన్నది నిజమే. దాన్ని "అయితే మాత్రలు మానేద్దాం" అని మాత్రం అర్థం చేసుకోకండి. నాలుగు గంటల నిద్రతో, ప్రతి రాత్రీ వణుకుతో ఉన్న పిల్ల థెరపీలో కూర్చోలేదు. తక్కువ డోసు కొన్నాళ్లు వాడి, ఆ భయం మెట్టు దిగాక తగ్గించడం చాలామంది డాక్టర్లు చేసే పనే.

రిస్పెరిడోన్ అలవాటుపడే మందు కాదు. అలవాటయ్యేవి ఆల్ప్రజోలం, క్లోనజిపామ్ రకాలు. పాత చీటీ చూపించి మెడికల్ షాపులో "నిద్రమాత్ర" కొనుక్కొచ్చి ఇచ్చేది వీటినే, అది చేయొద్దు. ట్రామా జబ్బులో ఇవి మేలు చేసినట్టు రుజువులు లేవు, డిసోసియేషన్ ఉన్న పిల్లల్ని ఇంకా మగతలోకి నెట్టవచ్చు.

మొదటి వారంలో ముఖ్యంగా చూడాల్సింది ఒకటి ఉంది. మెడ ఒక పక్కకు మెలితిరగడం, కళ్లు పైకి తిరిగి అలాగే ఉండిపోవడం, దవడ బిగుసుకోవడం, నాలుక దళసరై మాట ముద్దగా రావడం. దీన్ని డిస్టోనియా అంటారు, వయసులో ఉన్న పిల్లల్లోనే ఎక్కువ. ఇంట్లోవాళ్లు దీన్ని చూసి "ఇదిగో, దయ్యం బయటపడింది" అంటారు. కాదు, మందు తాలూకు ప్రభావం. దగ్గర్లోని ఏ ఆసుపత్రి క్యాజువాల్టీకైనా మాత్రల స్ట్రిప్ చేతిలో పట్టుకుని వెళ్లండి. ప్రోమెథజీన్ లాంటి ఇంజెక్షన్ ఇస్తే అరగంటలోపే సడలుతుంది. గొంతు పట్టేసినట్టు, ఊపిరి ఆడనట్టు ఉంటే 108.

రెండోది కాళ్లు నిలవకపోవడం. కూర్చోలేక లేచి తిరుగుతూ, లోపల ఏదో పాకుతున్నట్టుందని చెబుతుంది. జబ్బు పెరిగిందనుకుని డోసు పెంచితే ఇది ఇంకా పెరుగుతుంది. "కూర్చోబుద్ధి కావట్లేదా, కూర్చోలేకపోతున్నావా?" అని అడిగి, జవాబు డాక్టర్‌కి అదే మాటల్లో చెప్పండి.

మూడోది అక్కగారికి చెవిలో వేయండి. రిస్పెరిడోన్ ప్రోలాక్టిన్ అనే హార్మోన్‌ని పెంచుతుంది, నెలసరి ఆగవచ్చు, రొమ్ముల నుంచి పాలలాంటి నీరు రావచ్చు. తెలియక ఇళ్లలో పిల్లను అనరాని మాటలు అంటారు. రక్తపరీక్షతో తేలుతుంది, మందు మార్చితే సర్దుకుంటుంది.

ఆకలి పెరుగుతుంది కాబట్టి నెలకొకసారి ఒకే కాటా మీద బరువు చూసి రాసుకోండి. మొదట్లో ఒకసారి, మూడు నెలలకు ఒకసారి పరగడుపు షుగర్, కొలెస్ట్రాల్ చేయించాలి. కూల్‌డ్రింకులు, రాత్రి బిస్కెట్లు ఇంట్లోకి రాకపోతే సగం పని అయినట్టే. పొద్దున మంచం మీద నుంచి లేచేటప్పుడు ఒక నిమిషం కూర్చుని లేవమనండి, కళ్లు తిరగవచ్చు.

గొంతు భయం కొంచెం సడలడం ఒకటి రెండు వారాల్లో తెలుస్తుంది. తర్వాత సెర్ట్రలిన్ గానీ ఫ్లూఓక్సెటిన్ గానీ (దిగులు, భయం తగ్గించే మందులు) జతచేస్తే, వాటికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అవి మొదలుపెట్టినప్పుడు, డోసు మార్చినప్పుడు మొదటి కొన్ని వారాలు చిరాకు, నిద్ర పట్టకపోవడం, చనిపోవాలన్న ఆలోచన పెరుగుతున్నాయేమో రోజూ గమనించాలి. పాతికేళ్లలోపు వాళ్లకు ఆ హెచ్చరిక ఉంది. నెల తర్వాత రమ్మన్నారని నెలదాకా ఆగనవసరం లేదు, మొదటి మందుకి రెండు వారాలకు ఒకసారి చూపించుకోవడం మంచిది.

ఒక చిన్న నోటుబుక్కు పెట్టండి. రోజుకు రెండు మూడు లైన్లు: నిద్ర ఎన్నింటి నుంచి ఎన్నింటికి, గొంతు ఎన్నిసార్లు, ముందు ఏం జరిగింది, ఏం చేస్తే తగ్గింది, మాత్ర వేసుకుందా. రాయడానికి రెండు నిమిషాలు మించకూడదు. రోజంతా "ఇప్పుడు వినిపిస్తోందా?" అని అడుగుతూ ఉంటే పిల్ల ధ్యాసంతా అక్కడే కట్టేసినట్టవుతుంది.


మధిర మామయ్య:

ఇద్దరికీ చాలా థ్యాంక్స్. ఎర్ర బల్బు ఉంది, నిజమే. ఇవాళ పాపను పక్కన కూర్చోబెట్టుకుని అడిగాను. ఊరికే పిలవడం కాదట. "ఒక్కదానివే ఎందుకు, నా దగ్గరికి వచ్చెయ్" అంటాడట. ఈ సంగతి వాళ్లమ్మకు చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది. నానమ్మేమో వచ్చే అమావాస్యకు ఒకాయన దగ్గరికి తీసుకెళ్లాలని పట్టుబడుతోంది. ఏం చేయమంటారు?


సాగరతీరం:

ఈ ఒట్టు నిలబెట్టకూడదు. కానీ చాటుగా తెంచొద్దు. పాపతోనే చెప్పండి: "నీ ప్రాణానికి సంబంధించింది నేను ఒక్కణ్నే దాచలేనురా. అమ్మకు, డాక్టర్‌కి చెబుతా. నువ్వు పక్కనుండగా చెప్పనా, నేనొక్కణ్నే చెప్పనా?" ఆ ఎంపిక తనకు ఇవ్వండి.

తర్వాత ఈ ప్రశ్నలు ఇవాళే అడగాలి, ఈ వరసలోనే. ఆ మాట విన్నప్పుడు నీకు వెళ్లాలనిపిస్తుందా? చనిపోవాలని అనిపించిందా? ఎలా అని ఆలోచించావా? ఎప్పుడైనా ఆ దిశగా ఏదైనా చేశావా? ఇప్పటిదాకా ఆ మాట వినకుండా నిన్ను ఆపిందేమిటి? సూటిగా అడిగితే లేని ఆలోచన పుట్టదు. అడగకపోతేనే తను ఒంటరిగా మోస్తుంది. చివరి ప్రశ్నకు వచ్చే జవాబు (తమ్ముడు, అమ్మ, కుక్కపిల్ల, ఏదైనా) రాసి పెట్టుకోండి, థెరపీలో అది పనికొస్తుంది.

పద్ధతి గానీ సమయం గానీ అనుకుని ఉన్నా, గొంతు చెప్పినట్టు ఎప్పుడైనా చేసి ఉన్నా, "వద్దనుకోవడం కష్టంగా ఉంది" అన్నా ఆ రాత్రే క్యాజువాల్టీ. ఒంటరిగా వదలకండి, బాత్‌రూమ్ గడియ కూడా వేయనివ్వద్దు. 108 గానీ 112 గానీ. అంతవరకు రాకపోయినా రేపే సైకియాట్రిస్ట్‌కి చూపించండి, నెల గడువు ఇక లెక్కలోకి రాదు. ఈలోగా 14416 టెలీ మానస్‌కి (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) చేయండి, అక్టోబర్ 2022 నుంచి నడుస్తోంది, ఉచితం, ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది, తెలుగు ఎంచుకోవచ్చు. మొదట కౌన్సెలర్ మాట్లాడి, అవసరమైతే సైకియాట్రిస్ట్‌కి కలుపుతారు. పాప వయసు, మందు పేరు, డోసు, గొంతు అన్న మాట ముందే కాగితం మీద రాసుకుంటే ఫోన్‌లో తడబడరు.

ఇవాళ సాయంత్రానికి ఇల్లు సర్దాలి. పురుగుమందు, గడ్డిమందు ఇంట్లో గానీ కొట్టంలో గానీ ఉండకూడదు, తాళం వేసినా ఉండకూడదు. వేరేవాళ్లింటికి పంపండి. నానమ్మ బీపీ, షుగర్ మాత్రలతో సహా అన్ని మందులూ తాళంలో, పాప మాత్ర రోజుకొకటి పెద్దవాళ్లు చేతికి ఇచ్చి, మింగేదాకా దగ్గరుండాలి. జుట్టుకు వేసే రంగు సీసాలు, బాత్‌రూమ్ యాసిడ్ కూడా అందులోకే. రాత్రి తల్లి అదే గదిలో పడుకోవాలి. బావి, మేడ ఉంటే తాళం. అనుమానిస్తున్నట్టు కాకుండా, "కొన్నాళ్లు ఇలా ఉంచుదాం, గొంతు తగ్గాక తీసేద్దాం" అని పాపకు ముందే చెప్పి చేయండి.

ఇంకో విషయం కొంచెం ఇబ్బందికరమైనదే. ప్రమాదం అందరికీ తెలిసిన గాయం. తండ్రి పోయిన ఇంటికి కొత్తగా రాకపోకలు మొదలైన మనుషుల వల్ల ఇంకేదైనా జరిగిందా అన్నది కూడా మనసులో ఉంచుకోవాలి. ఆమెను కూర్చోబెట్టి విచారణ చేయొద్దు. థెరపిస్ట్ ఒంటరిగా మాట్లాడే సమయం ప్రతిసారీ ఉండేలా చూడండి. పాప తనే ఏదైనా చెబితే నమ్మండి, మళ్లీ మళ్లీ చెప్పించకండి.


దారిదీపం (సోషల్ వర్కర్):

పై మాటకు జతగా: అలాంటిది బయటపడితే పోక్సో చట్టం (పిల్లలపై లైంగిక నేరాలకు సంబంధించింది) సెక్షన్ 19 కింద తెలిసినవాళ్లెవరైనా పోలీసులకు తెలియజేయాల్సిందే. పిల్ల వాంగ్మూలం ఇంట్లో గానీ తను కోరిన చోట గానీ, వీలైనంతవరకు మహిళా ఎస్సై, యూనిఫాం లేకుండా తీసుకోవాలి. 1098 చైల్డ్ హెల్ప్‌లైన్‌కి ముందు ఫోన్ చేస్తే ఎలా వెళ్లాలో చెబుతారు.

నానమ్మ విషయం. ఆవిడ కొడుకును పోగొట్టుకుంది, గాలి అన్నది ఆవిడకు తెలిసిన ఒకే ఒక వివరణ. గొడవపడి గెలవలేరు. తాయెత్తు, దిష్టి తీయడం, గుడికో దర్గాకో చర్చికో వెళ్లి రావడం వల్ల నష్టం లేదు, పాపకు ఇష్టమైతే. గీత ఎక్కడ గీయాలో ముందే చెప్పండి: కొట్టడం, మిరపకాయల పొగ, జుట్టు పట్టి ఊపడం, కట్టేయడం, ఉపవాసం, రాత్రంతా మేలుకోబెట్టడం, మందు ఆపమనడం, వీటిలో ఒక్కటున్నా పోవద్దు. అమావాస్య రాత్రి నిద్ర పోగొడితే మర్నాడు గొంతులు పెరిగి, "చూశారా, అది మాట వినట్లేదు" అంటారు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లో సెక్షన్ 95 ఏ రూపంలోనూ గొలుసులు వేయడాన్ని నిషేధించింది. చట్టం మాట నానమ్మతో కాదు, ఆ ఒకాయనతో అనండి. నానమ్మకు మాత్రం ఒక పని అప్పగించండి, రాత్రి మాత్ర టైముకు పాలు కలిపి ఇవ్వడం లాంటిది. ఆవిడ చేతుల మీదుగా వెళ్లే మందును ఆవిడ ఆపించదు.

అడ్మిషన్ అవసరమైతే భయపడకండి. అదే చట్టం సెక్షన్ 87 ప్రకారం మైనర్‌ని పెద్దల వార్డులో కలపకూడదు. తల్లి గానీ మరో సంరక్షకులు గానీ ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ పక్కనే ఉండాలి. ఆడపిల్లకు సంరక్షకులు మగవాళ్లయితే ఒక ఆడమనిషిని తోడు పెట్టాలి. ఆసుపత్రి 72 గంటల్లో మెంటల్ హెల్త్ రివ్యూ బోర్డుకు తెలియజేయాలి. సంరక్షకులు వద్దంటే డిశ్చార్జ్ చేయాలి. కరెంటు షాక్ చికిత్స అనే భయం ఊళ్లో ఉంటుంది కదా, మైనర్‌కి అది సంరక్షకుల అంగీకారం, బోర్డు ముందస్తు అనుమతి రెండూ లేకుండా ఇవ్వకూడదు. మీకు హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆరోగ్య సంస్థ, ఏపీ వైపు అయితే విశాఖ ప్రభుత్వ మానసిక వైద్యశాల, కష్టమైన కేసు అయితే బెంగళూరు నిమ్హాన్స్‌లో పిల్లల విభాగం ఉన్నాయి. దగ్గర్లోని ప్రభుత్వ మెడికల్ కాలేజీ సైకియాట్రీ ఓపీ మొదటి మెట్టు.

పరిహారం కేసు నడుస్తూ ఉంటుంది. పాప ఒక్కతే కళ్లారా చూసిన సాక్షి అని వకీలు ఆమెను కోర్టు ఎక్కించాలనవచ్చు. ట్రిబ్యునల్‌లో ఎఫ్‌ఐఆర్, చార్జిషీటు, పోస్ట్‌మార్టం రిపోర్టు, ఇంకో ప్రత్యక్ష సాక్షి ఉంటే పాప లేకుండా నడిపించవచ్చేమో ముందు ఆయన్ని అడగండి. తప్పనిసరైతే డాక్టర్ సర్టిఫికెట్ పెట్టి తేదీ వాయిదా కోరవచ్చు. వాయిదా తేదీల గురించి ఇంట్లో పాప వినేలా మాట్లాడుకోవద్దు.


బడిగంట (హైస్కూల్ టీచర్):

స్కూల్లో హెడ్‌మాస్టరు, క్లాస్ టీచరు, ఈ ఇద్దరికి చెప్పండి చాలు. "ప్రమాదం తర్వాత చికిత్స జరుగుతోంది, ఒక్కోసారి పలకదు, అప్పుడు ఇలా చేయండి" అన్నంతవరకే. గొంతుల సంగతి స్టాఫ్ రూమ్‌కి అనవసరం, అక్కడ చెప్పింది సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది.

కూర్చునే చోటు గోడకు వీపు ఆనేలా, తలుపు దగ్గరగా, రోడ్డు కిటికీకి దూరంగా. చేతికి ఒక కార్డు ఇస్తే అడక్కుండా చూపించి బయటికి వెళ్లవచ్చు, వెంట ఎంచుకున్న స్నేహితురాలు ఒకరు. బస్సు ప్రమాదం జరిగిన చోటు మీదుగా వెళ్తుంటే కొన్నాళ్లు దారి మార్చండి. తర్వాత థెరపిస్ట్ చెప్పినప్పుడు మెల్లగా అదే దారికి తెస్తారు. మొదటి వారం రోజుకు రెండు పీరియడ్లు, కుదిరితే పూట, తర్వాత రోజంతా. ఉదయం ఐదింటి స్టడీ అవర్లు, రాత్రి పదింటి దాకా స్లిప్ టెస్టులు ఈ పిల్లకు వద్దు. పదిహేనేళ్ల వయసుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి, నిద్ర తెగితే గొంతులు పెరుగుతాయి.

హాజరు తక్కువైతే మెడికల్ సర్టిఫికెట్‌తో మినహాయింపుకు ముందే దరఖాస్తు పెట్టండి, పరీక్ష ఫీజు టైముకు పరుగులు పెట్టొద్దు. మార్చిలో రాయలేకపోతే అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ ఉంది, అదే ఏడాది ఇంటర్‌లో చేరవచ్చు. సంవత్సరం పోతుందన్న బెంగ పిల్లకంటే ఇంట్లోవాళ్లకే ఎక్కువ. అది ఆమె ముందు మాట్లాడకండి. ఇంటర్‌కి రెసిడెన్షియల్ కాలేజీ ఆలోచన ఉంటే ఈ ఏడాదికి పక్కన పెట్టండి.


మధిర మామయ్య:

అక్కకు పాప ముందే చెప్పాను. పద్ధతి ఏదీ అనుకోలేదంది, తమ్ముడి కోసం ఆగానంది. రేపు పొద్దున సైకియాట్రిస్ట్ దగ్గరికి వెళ్తున్నాం. పురుగుమందు డబ్బాలు మా ఇంటికి తెచ్చేశాను. ఒక్కటే అనుమానం సిస్టర్‌గారూ, నిన్న రాత్రి మాత్ర వేయడం మర్చిపోయారు. ఇవాళ రెండు కలిపి వేయాలా?


వార్డు సిస్టర్:

వద్దండి. ఎప్పుడూ రెండు కలపొద్దు. ఇవాళ రాత్రి మామూలు టైముకు ఒక్కటే. మర్చిపోయిన రోజు నోటుబుక్కులో రాయండి, రేపు డాక్టర్‌కి చూపించండి. వరసగా రెండు మూడు రోజులు తప్పితే మాత్రం మళ్లీ ఎంతతో మొదలుపెట్టాలో అడిగి వేయండి. రేపు వెళ్లేటప్పుడు స్ట్రిప్, నోటుబుక్కు, అప్పటి స్కాన్ రిపోర్టు, క్లాసులో వీడియో తీసి ఉంటే అది, చివరి నెలసరి తేదీ, ఏ మందైనా పడదా అన్నది తీసుకెళ్లండి. "వచ్చెయ్ అంటోంది" అన్న మాట పాప నోటితో రాకపోతే మీరే డాక్టర్‌కి మొదటి నిమిషంలోనే చెప్పండి, ఓపీలో టైము తక్కువ ఉంటుంది.